నేల కింది నీళ్లు ఎవరివి? ఫూలే జీవితంలో మనం తిప్పని పేజీ

ఏప్రిల్ 11 వస్తే ఫూలే విగ్రహానికి దండ వేస్తాం. నవంబర్ 28 వస్తే వర్ధంతి సభ పెడతాం. రెండు రోజులూ బడి గురించే మాట్లాడుకుంటాం. 1848, పూణే, ఆడపిల్లల బడి, సావిత్రీబాయి మీద విసిరిన పేడ, మట్టి. ఇవన్నీ మాట్లాడుకోవలసినవే. కానీ జోతిరావు ఫూలే జీవితంలో బడి ఎంత ఉందో నీళ్లూ అంతే ఉన్నాయి. ఇంటి ముందు నీటి హౌజు, కాలువ కింద పొలం, కరువులో పిల్లల ఆకలి, కొండ మీద కురిసిన వాన, బావిలో ఊట ఆయన పనిలోనూ రాతలోనూ కనిపిస్తాయి. మన బోర్లు ఎండిపోతున్న ఈ రోజుల్లో ఆ పేజీ తిరగేయాలనే మేము ఈ కథనం రాస్తున్నాం.

పూల తోట పిల్లవాడు

జోతిరావు 1827లో పుట్టారు. కులం మాలి. తోట పని, పూల పని. మన దగ్గర మాల అని వినిపించి చాలామంది పొరబడతారు. మాలి శూద్ర కులం, అంటరాని కులం కాదు. పూర్వీకులది సతారా ప్రాంతంలోని కట్గుణ్ గ్రామం. అక్కడి నుంచి పూణే జిల్లా పురందర్ తాలూకాలోని ఖాన్వడీకి, ఆ తర్వాత పూణే నగరానికి వచ్చారు. అసలు ఇంటిపేరు గోర్హే. పేష్వాల దగ్గర పూలు అందించే పని చేశాక ఫూలే అన్న పేరు స్థిరపడింది. తండ్రి గోవిందరావు. తల్లి చిమణాబాయి బిడ్డకు ఏడాది నిండకముందే చనిపోయింది.

తోట కులానికి బావి అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు. బావిలో ఊట తగ్గితే మొదట వాడేది పూలు, ఆ తర్వాత కూరగాయలు, చివరికి ఇల్లు. కొన్నాళ్లు ఆగిన చదువును ఇరుగుపొరుగు పెద్దల మాటతో మళ్లీ అందుకుని, 1841 నుంచి స్కాటిష్ మిషన్ బడిలో చదివిన ఈ కుర్రవాడికి నేల, నీరు పుస్తకంలోని పాఠాలు కావు. ఇంటి బతుకుదెరువు.

ఆ పూణేలో నీళ్లకు కూడా కులం ఉంది. పేష్వాల కాలంలో కాత్రజ్ కొండల దగ్గరి నుంచి భూమి లోపలి రాతి కాలువల ద్వారా నగరానికి నీళ్లు తెచ్చి, పేటల్లోని హౌజులు నింపారు. ఇంజనీరింగ్‌గా అది గొప్ప పని. ఆ నీళ్లు కొండ కింద నుంచి, మట్టి కింద నుంచి, అందరి కాళ్ల కింద నుంచి వచ్చాయి. పైకి వచ్చాక మాత్రం మహార్‌కు, మాంగ్‌కు అంటకుండా పోయాయి. వాళ్లు కుండ పట్టుకుని దూరంగా నిలబడి, పై కులం వాళ్లు ఎవరైనా దయతలిచి పోస్తే తెచ్చుకోవాలి. ఎండాకాలంలో దయ కూడా ఎండిపోతుంది.

1848లో ఒక బ్రాహ్మణ స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో అవమానపడ్డాక జోతిరావు దారి మారిందని ఆయన జీవిత చరిత్రలన్నీ చెబుతాయి. అదే ఏడాది ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ తర్వాత మహార్, మాంగ్ పిల్లలకు బడులు వచ్చాయి. బంధువుల, కులపెద్దల ఒత్తిడితో తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటే భార్యతో సహా బయటికి నడిచారు. 1863లో దిక్కులేని గర్భిణీ వితంతువులకు ఆశ్రయం తెరిచారు.

1868: హౌజు మూత తీసిన రోజు

1868లో ఫూలే తన ఇంటి నీటి హౌజును అంటరానివాళ్లుగా ముద్రపడిన వాళ్లకు తెరిచారు. వచ్చి తోడుకోండి, తాగండి, తీసుకెళ్లండి అన్నట్టు. అప్పటికి మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగడానికి ఇంకా 59 ఏళ్లు ఉంది. అంబేడ్కర్ పుట్టడానికే 23 ఏళ్లు ఉంది.

ఈ ఘటనను మనం దాతృత్వంగా చదవకూడదు. దానం చేయాలంటే కుండలో పోసి ఇవ్వచ్చు. పూణేలో అలా పోసి పుణ్యం మూటగట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ఫూలే ఇచ్చింది నీళ్లను కాదు, తోడుకునే హక్కును. చేద ఎవరి చేతిలో ఉందన్నదే కులం అడిగే ప్రశ్న. దానికి ఆయన తన గుమ్మం ముందే జవాబు చెప్పారు.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆనాడు సేద్యపు బావుల్లోంచి నీళ్లు ఎత్తేది మోట. రెండెద్దులు లాగే తోలు సంచి. ఆ తోలు ఊనేది, కుట్టేది, ఆ తాడు పేనేది అంటరాని కులాలు. మరాఠీ నేల మీద చంభార్, ఢోర్, మాంగ్. తెలుగు నేల మీద మాదిగ. చెప్పులు కుట్టిన చేతులే కుట్టిన తోలు సంచి రోజంతా బావిలో మునిగి తేలేది. ఆ నీళ్లతో పండిన గింజలు అందరి ఇళ్లకూ చేరేవి. అప్పుడు అంటు లేదు. ఆ చేతులు దాహం వేసి అదే బావి గట్టు ఎక్కితే మాత్రం అంటు. ఊరి సేద్యం మొత్తం దళితుల పనితనం మీద నీళ్లు తోడుకుంది, దళితులకు మాత్రం నీళ్లు లేవంది.

కాంట్రాక్టరు, రైతు, సత్యశోధకుడు

ఫూలే జీవనానికి వ్యాపారం చేశారు, కట్టడాలకు సామగ్రి సరఫరా చేసే కాంట్రాక్టులు పట్టారు. పూణేకు దగ్గరలోని మంజ్రీ వద్ద భూమి తీసుకుని కాలువ నీటితో సేద్యం చేశారు. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో తనను తాను వ్యాపారిగా, రైతుగా, మున్సిపల్ సభ్యుడిగా పరిచయం చేసుకున్నారు.

ఆ కాలువ ముఠా నది మీద ఖడక్‌వాస్లా ఆనకట్టది. 1870లలో పూణే దండుకు, నగరానికి తాగునీరు, పొలాలకు సాగునీరు ఇవ్వడానికి బ్రిటిష్ ఇంజనీర్లు కట్టింది. నీటి శాఖ ఎలా నడుస్తుందో ఫూలే గట్టు మీద నిలబడి చూశారు. నీటి రేటు ముందే కట్టించుకుంటారు. నీళ్లు మాత్రం పైరు ఎండాక వస్తాయి, లేదా రావు. అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు. కాలువ వద్దని ఆయన అనలేదు. కాలువను రైతుకు జవాబుదారీగా నడపమన్నారు.

1873 సెప్టెంబర్ 24న సత్యశోధక్ సమాజ్ పెట్టారు. అదే ఏడాది ‘గులాంగిరి’ వచ్చింది. 1875లో పూణే, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. మరుసటి ఏడాదే వానలు పోయాయి. 1876 నుంచి 1878 దాకా దక్కన్ అంతా ఎండింది. ఇది మన కథ కూడా. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు శ్మశానాలైన ధాత కరువు ఇదే. ఫూలే, ఆయన సహచరులు పూణే దగ్గర ధనకవడిలో శిబిరం పెట్టి పిల్లలకు అన్నం పెట్టారు.

ఆ శిబిరంలో ఆకలిని దగ్గరగా చూసిన ఫూలే, ఏడేళ్లు తిరగకుండానే కరువుకు కారణాలు వెతుకుతూ ఒక పుస్తకం రాశారు.

చెర్నాకోలలో నీటి లెక్క

1883లో ఆయన ‘శేత్కర్యాచా ఆసూడ్’ ముగించారు. రైతు చెర్నాకోల అని దాని అర్థం. పురోహితుడు పుట్టుక నుంచి చావు దాకా రైతును ఎలా దోస్తాడో, బ్రాహ్మణ గుమస్తాలతో నిండిన ప్రభుత్వ కచేరీ మిగిలింది ఎలా ఊడుస్తుందో అందులో విప్పారు. కొన్ని భాగాలు అచ్చువేసిన ‘దీనబంధు’ పత్రిక కూడా తర్వాత వెనకాడింది. మనం ఎక్కువగా చర్చించేది ఈ భాగాన్నే. చివరి అధ్యాయంలోని సేద్యం సూచనల దగ్గరికి వచ్చేసరికి పేజీలు గబగబా తిప్పేస్తాం. నీళ్ల సంగతి ఉన్నది అక్కడే.

ఫూలే అక్కడ వాన నుంచి మొదలుపెడతారు. కొండల మీద రాలిన ఆకు, గడ్డి, పశువుల పేడ, చచ్చిన పురుగు, అన్నీ వాన నీటితో కలిసి పొలాల్లోకి దిగేవని, అదే నేలకు బలమని చెబుతారు. అటవీ శాఖ కొండలను, బీళ్లను స్వాధీనం చేసుకుని పశువులను తరిమేశాక ఆ బలం తెగిపోయిందంటారు. 1878 అటవీ చట్టం అప్పటికి కొత్తది. ఇక మిగిలిన వాన కూడా నేలలో ఇంకకుండా వాగుల్లో పడి కొట్టుకుపోతోంది.

దీనికి ఆయన చెప్పిన పనులు నాలుగు. పనిలేక బారకాసుల్లో కూర్చున్న సిపాయిలతో, పోలీసులతో వాలు పొడవునా చిన్న చిన్న కట్టలు, గట్లు వేయించాలి. వాన నీళ్లు ముందు పొలాల్లో ఇంకాలి, ఆ తర్వాతే వాగును చేరాలి. లోయల్లో వీలున్నచోటల్లా చెరువులు కట్టాలి. పాత చెరువుల పూడిక తీసి ఆ ఒండ్రును రైతులు పొలాలకు తోలుకోనివ్వాలి.

నాలుగోది అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది. ఊళ్లలో జల చూసేవాళ్ల చేత పొలాలన్నీ పరీక్ష చేయించాలి. రెండు మోటలకు మించి నీళ్లు నడిచేంత ఊట ఎక్కడెక్కడ ఉందో ఆ ఊరి పటంలో గుర్తు పెట్టాలి. సర్కారు సాయం లేకుండా బావి తవ్వి కట్టుకున్న రైతుకు బహుమతి ఇవ్వాలి.

ఇది ఊరి స్థాయి భూగర్భ జలాల మ్యాపింగ్ తప్ప మరొకటి కాదు. ఎంత ఊట ఉంది, ఎన్ని మోటలను మోయగలదు అని ముందే తెలుసుకోమంటున్నారు. భారత ప్రభుత్వం దేశవ్యాప్తంగా భూగర్భ జలపొరల మ్యాపింగ్ కార్యక్రమం చేపట్టింది 2012లో. ఫూలే అడిగిన 129 ఏళ్ల తర్వాత.

నల్లరాయి ఎంత దాచగలదు

ఫూలే మాట విలువ తెలియాలంటే ఆ నేల సంగతి తెలియాలి. పూణే చుట్టూ ఉన్నది బసాల్ట్. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి నల్లరాయి అయింది. గంగా మైదానంలో ఇసుక, ఒండ్రు వందల అడుగుల లోతు దాకా నీళ్లు పట్టుకుంటాయి. బసాల్ట్ అలా పట్టుకోదు. పైన మెత్తబడిన మొరంలో, దాని కింద రాతి పగుళ్లలో, లావా బుడగలు వదిలిన బెజ్జాల్లో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. కురిసిన వానలో లోపలికి దిగేది చిన్న భాగమే. తెలంగాణ, రాయలసీమల్లో ఉన్న గ్రానైటు వేరే రాయి అయినా కథ ఒకటే. చిన్న గిన్నె, ఏటా వాన నింపితే నిండుతుంది, తోడేస్తే ఖాళీ అవుతుంది.

మోటకు ఒక హద్దు ఉండేది. ఎద్దులు అలసిపోతాయి. బావి అడుగంటితే మోట ఆగుతుంది, రాత్రికి ఊట ఊరుతుంది. ఇవాళ ఆ హద్దు లేదు. 1972 కరువు మహారాష్ట్రను కుదిపినప్పుడు గట్టి రాయిని తొలిచే బోరు యంత్రాలు తాగునీటి కోసం ఊళ్లకు వచ్చాయి. ఆ తర్వాత అవే యంత్రాలు పొలాల్లోకి దిగాయి. కరెంటు మోటారు అలసిపోదు. పక్క రైతు 200 అడుగులు వేస్తే నేను 400, నేను 400 వేస్తే అతను 600. రెండు బోర్లూ తాగేది ఒకే పగులులోని నీళ్లు.

ఈ రోజు ప్రపంచంలో భూగర్భ జలాలను అన్ని దేశాలకంటే ఎక్కువగా తోడుతున్నది మనమే. కేంద్ర భూగర్భ జల మండలి 2023 లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 241 శతకోటి ఘనపు మీటర్లు. అందులో దాదాపు 87 శాతం సేద్యానికే. మహారాష్ట్రలో సాగుభూమిలో 4 శాతం దగ్గర ఉన్న చెరకు, సాగునీటిలో మూడింట రెండు వంతులు తాగేస్తుందని పంటల ధరల కమిషన్ లెక్కలే చెబుతున్నాయి.

తోడితే ఒక చేటు, విచ్చలవిడిగా పారిస్తే మరో చేటు. 1885లో తెరిచిన నీరా కాలువ కింద చెరకు మడుల్లో నీళ్లు నిలబెట్టి నిలబెట్టి, 20వ శతాబ్దం మొదటి పదేళ్లకే నేల కింది నీటిమట్టం పైకొచ్చింది. ఉప్పు పైకి తేలి భూములు చౌడుబారాయి. నేల ఎంత ఇముడ్చుకుంటుందో, ఎంత ఇవ్వగలదో చూడని సేద్యం రెండు వైపులా దెబ్బతీస్తుంది.

రెండు చట్టాలు

ఫూలే చెర్నాకోల రాస్తున్న రోజుల్లోనే బ్రిటిష్ ప్రభుత్వం రెండు చట్టాలు తెచ్చింది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, స్పష్టమైన కాలువగా పారని భూగర్భ జలాన్ని ఆ భూమి యజమాని తన హద్దుల్లో తోడుకుని వాడుకోవచ్చు. ఆ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అంటే కోస్తా, రాయలసీమ తొలి రోజు నుంచే దాని కింద ఉన్నాయి. బొంబాయి ప్రెసిడెన్సీకి అది 1891లో వచ్చింది. 1883లో వచ్చిన రెండోది తక్కావీ అప్పుల చట్టం. బావి తవ్వుకోవడానికి అప్పు ఇస్తుంది, భూమి ఉన్నవాడికి.

ఈ రెండూ కలిస్తే తేలేది ఒక్కటే. భూమి ఎవరిదో దాని కింది నీళ్లూ వాళ్లవే. భూమి లేనివాడికి నీళ్లు లేవు. ఈ దేశంలో భూమి లేనివాళ్లు ఎవరో మనకు తెలుసు. జనాభాలో 16.6 శాతం ఉన్న షెడ్యూల్డ్ కులాల చేతిలో సాగుభూమి 9 శాతం లోపే. అందులోనూ దళితులకు పంచిన అసైన్డ్ భూములు చాలాచోట్ల ఊరి అంచున, మెట్ట మీద, ఊట తక్కువున్న చోట. బోరు వేసే డబ్బు వాళ్లకు చివర సమకూరుతుంది. అప్పటికి పక్కన పెద్ద రైతు బోరు లోతుకు వెళ్లిపోయి ఉంటుంది. మొదట ఎండేది వాడలోని చేదబావి, ఆ తర్వాత చేతిపంపు. మిగిలిన లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కితే ఏమవుతుందో నల్లగొండ ఎముకలు చెబుతాయి.

పాతకాలపు అంటరానితనం బావి గట్టు మీద కాపలా కాసేది. దాన్ని ఎదిరించడానికి మనకు మహాడ్ ఉంది. తాగునీటి చెరువు మురికి చేయొద్దన్న దళిత మహిళ మాటతో మొదలై ఊచకోతగా ముగిసిన 1985 కారంచేడు ఉంది, అక్కడి నుంచి లేచిన ఉద్యమం ఉంది. కొత్త అంటరానితనానికి కాపలా అక్కర్లేదు. పొలం మధ్యలో మోటారు ఆడుతుంటే వాడలో బావి దానంతటదే ఎండుతుంది. ఎవరూ ఎవరినీ తిట్టరు, కొట్టరు. కేసు పెట్టడానికి నిందితుడు దొరకడు.

చివరి రోజులు

1888 మే నెలలో బొంబాయి ప్రజలు ఆయనకు మహాత్మా బిరుదు ఇచ్చారు. అదే ఏడాది పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. ఎడమ చేత్తో ‘సార్వజనిక్ సత్యధర్మ’ పుస్తకం రాశారు. 1890 నవంబర్ 28న కన్నుమూశారు. ఈజ్‌మెంట్స్ చట్టం ఆయన ఊరికి వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

ఆయన చెప్పనివి ఆయన నోట పెట్టడం మాకు ఇష్టం లేదు. నేల కింది నీరు ఉమ్మడి ఆస్తి అన్న సిద్ధాంతాన్ని ఫూలే రాయలేదు. చెర్నాకోలలో ఆయన అడిగిన బావులు కూడా భూమి ఉన్న రైతులకే. కానీ ఆయన రాతను, చేతను పక్కపక్కన పెట్టి చూడండి. రాతలో వాన ఇంకాలి, ఊట లెక్క తేలాలి అన్నారు. చేతలో హౌజు మూత తీసి, భూమి లేనివాళ్ల చేతికి చేద ఇచ్చారు. ఈ రెండూ కలిపితే మన కాలానికి కావలసిన నీటి న్యాయం వస్తుంది. ఇంకించడం ఒక్కటే చేస్తే, ఇంకిన నీళ్లు పెద్ద బోరుకే పోతాయి.

ఇది గాలిలో మాట కాదు. ఫూలే పూర్వీకుల పురందర్ తాలూకాలోనే, నాయ్‌గావ్‌లో, 1972 కరువు తర్వాత విలాస్‌రావ్ సాళుంఖే పానీ పంచాయత్ మొదలుపెట్టారు. నీటి వాటా ఎకరాలను బట్టి కాక ఇంట్లో మనుషులను బట్టి. తలకు అరెకరానికి సరిపడా, ఇంటికి గరిష్ఠంగా రెండున్నర ఎకరాలకు. భూమి లేని కుటుంబానికి కూడా వాటా. భూమి అమ్మితే నీటి హక్కు దాని వెంట పోదు. చెరకు వేయకూడదు. కొన్ని ఊళ్లు ఇలా బతికి చూపించాయి.

ఈ సారి ఏప్రిల్ 11న మన ఊరి సభలో దండ వేశాక నాలుగు ప్రశ్నలు అడుగుదాం. మన ఊరి కింద ఎంత నీరుంది, దాని పటం పంచాయతీ గోడ మీద తెలుగులో ఎందుకు లేదు? వాడ బావికి ఎంత దూరంలో ఎంత లోతు బోరు ఉంది? చెరువు పూడిక ఎవరి పొలానికి పోతోంది? భూమి లేని మన ఇంటికి ఈ నేల కింది నీళ్లలో వాటా ఎంత? మొదటి మూడింటికీ అధికారుల దగ్గర కాగితాలు ఉండవచ్చు, అడిగి తీసుకుందాం. నాలుగో దానికి ఏ కాగితమూ లేదు. దాన్ని రాయించుకోవాల్సింది మనమే.